తూర్పుకి వాలిన అగ్గిపుల్లల ఇల్లు

అబ్బయ్యా,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన అగ్గిపుల్లల ఇల్లు చూశాను. బాగుంది, కాకపోతే తూర్పుకి వాలింది. మీ అవ్వకి చూపిస్తే "వాస్తు కోసం వాల్చాడేమోలే" అంది. ఫెవికాల్ నకిలీదేమో అని రాశావు. ఫెవికాల్‌ని ఏమీ అనబాక. నువ్వు పుల్లలు ఏరలేదు, అదీ సంగతి.

2021 డిసెంబరులో అగ్గిపెట్టె రెండు రూపాయలు చేసి, పెట్టెకి యాభై పుల్లలు వేశారు. ఆ యాభైలో గోడకి పనికొచ్చేవి ముప్పైకి మించి నాకెప్పుడూ దొరకలేదు. మీ అవ్వ చేటలో పోసుకుని, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరతాను. ఒక్కో పుల్లని స్టీలు స్కేలు అంచుకి ఆనించి కిటికీ వైపు ఎత్తి పట్టుకో. మధ్యలో సందులోంచి వెలుతురు కనిపిస్తే అది వంకరపుల్ల. తర్వాత మందం చూడాలి. రెండు మిల్లీమీటర్లని పేరే గానీ ఒకటి లావు, ఒకటి సన్నం. పది పుల్లలు పక్కపక్కన పేర్చి పైన వేలితో రాస్తే ఎగుడుదిగుడు వేలికే తెలిసిపోతుంది. లావువి ఒక డబ్బాలో, సన్నవి ఒక డబ్బాలో వెయ్యి. వంకరవి పారేయకు, ముక్కలు చేస్తే కిటికీ ఊచలకి పనికొస్తాయి.

నీ ఇంటికి ఒక మూల లావువి, ఇంకో మూల సన్నవి పడ్డాయి. వరసకి వెంట్రుకవాసి తేడా అయినా పద్దెనిమిది వరసలయ్యేసరికి ఇల్లు వాలక ఏం చేస్తుంది? పెన్న ఒడ్డున రంగనాయకుల గుడి గాలిగోపురం చెయ్యాలని ఒకసారి నేనూ దిగాను. మూడో అంతస్తుకే మెడ వాల్చింది. అది ఇప్పటికీ అటక మీదే ఉంది.

తలలు నెయిల్‌కట్టర్‌తో కత్తిరించు. మంట చెక్కకి అందుకోవాలని తల కింద కాస్త మేర మైనం పట్టించి ఉంటారు, అదీ తీసెయ్. మైనం మీద జిగురు నిలవదు. పుల్లకి మూడున్నర సెంటీమీటర్లు మిగిలితే చాలు. కత్తిరించిన తలల్ని మాత్రం వెంటనే నీళ్ల గిన్నెలో వెయ్యి. నేను ఒక ఏడాది స్టీలు డబ్బాలో దాచిపెట్టాను, ఎందుకో నాకే తెలియదు. పక్కన వెలిగించిన అగరుబత్తి నిప్పు రాలి అందులో పడింది. భుస్సుమని లేచిన మంటకి నా కనుబొమలు సగం పోయాయి. ఆ సంక్రాంతి ఫొటోల్లో నా మొహం చూడు, తెలుస్తుంది.

ఇంత తంటా ఎందుకు అంటావా, తలలు లేని పుల్లలు ఆన్‌లైన్‌లో ప్యాకెట్లుగా దొరుకుతాయి, కొనుక్కో. ఫ్రాన్స్‌లో రిచర్డ్ ప్లో అనే ఆయన ఎనిమిదేళ్లు కూర్చుని, ఏడు లక్షల పైచిలుకు పుల్లలతో 7.19 మీటర్ల ఐఫిల్ టవర్ కట్టాడు. మొదట్లో తలలు ఒక్కొక్కటీ తీసేవాడు. విసుగొచ్చి కంపెనీని అడిగి తలలు లేనివే తెప్పించుకున్నాడు. అవి బజార్లో దొరికే పుల్లలు కావని గిన్నిస్ వాళ్లు 2024లో ముందు కాదన్నారు, తర్వాత దిగొచ్చి రికార్డు ఇచ్చారు. నీకా బాధ లేదు. మైనపు పుల్లల పెట్టె మాత్రం కొనకు, అందులో చెక్కే ఉండదు.

ఈసారి ఇల్లు వద్దు, ఎడ్లబండి చెయ్యి. చక్రం దగ్గర అందరూ ఆగిపోతారు, నేనూ ఆగాను. పుల్లని నానబెట్టి సీసా చుట్టూ వంచితే పది విరిగి ఒకటి మిగిలేది. ఒకరోజు మన వీధి చివర పాత బండి చక్రం ముందు కూర్చుని చూస్తే, వడ్రంగి అసలు కర్రని వంచనే లేదు. ఆరు పూటీలు, అంటే చక్రం అంచు ముక్కలు, వంపుగా చెక్కి జోడించాడు. పూటీకి రెండు చొప్పున పన్నెండు ఆకులు, అంటే చువ్వలు, అవన్నీ దిగే మధ్య దుంగ కుంభి. నేనూ అంతే చేశాను. మూడేసి పుల్లముక్కలు అతికించి, ఆరాక కాగితం మీద గీసిన గుండ్రానికి సరిపడా గరుకు కాగితంతో అరగదీశాను. ఇనుప పట్టా బదులు నల్ల కాగితం అంటించాను. ఇరుసుకి వెదురు పుల్ల వాడు, అగ్గిపుల్ల తిరిగితే విరుగుతుంది.

బండి ప్లాన్ మీద పాలిథిన్ కవరు పరిచి అతికించు, లేకపోతే ప్లాను కూడా బండితోపాటే లేచొస్తుంది. ఫెవికాల్ గుండుసూది మొనతో పెట్టు. తుపాను ముసురు పట్టిన రోజుల్లో జిగురు పని పెట్టుకోకు. చెమ్మకి పుల్లలు ఉబ్బుతాయి, ఆరాక కీళ్లు సందులిస్తాయి. ఆ రోజుల్లో పుల్లలు ఏరుకో.

చక్రం ఒక్కటి అయ్యాక నాకు కొరియర్ చెయ్యి, చూసి చెబుతాను. అడ్రసులో కందుకూరు అని రాయి.

మీ తాత