‘లేదండీ’ అన్న మందుల లెక్క

ప్రశ్న: మాది మందుల షాపు. మూడేళ్లుగా కంప్యూటర్ బిల్లులే ఇస్తున్నాం. అయినా అరలో ఉన్న సరుకుకీ తెరమీది అంకెకీ పొంతన ఉండదు. ఎదురుగా పెద్ద చెయిన్ షాపు వచ్చింది. మా లెక్కలతో దానికి పోటీగా నిలబడగలమా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: నిలబడగలరు. ముందు పేర్లు బాగుచేసుకోండి. ఐటమ్ లిస్టు ప్రింటు తీసి చూస్తే ఒకే మాత్ర రెండు మూడు పేర్లతో కనబడుతుంది. పేరు, మోతాదు, రకం, ప్యాకింగ్ ఈ వరసలోనే ఉండాలి. కొత్త ఐటమ్ చేర్చే పని ఒక్కరికే అప్పగించండి. తర్వాత యూనిట్లు. కొన్నది స్ట్రిప్పుల్లో ఎక్కించి, అమ్మింది మాత్రల్లో కొడితే స్టాకు మైనస్‌లోకి పోతుంది. స్ట్రిప్పుకి 10 ఉండేవీ 15 ఉండేవీ కలిసిపోయినా అంతే.

షాపు తెరవగానే రోజుకి 20 ఐటమ్‌లు బ్యాచ్‌తో సహా లెక్కబెట్టండి. 1,200 ఐటమ్‌లుంటే 60 రోజుల్లో ఒక చుట్టు పూర్తవుతుంది. తేడా వస్తే అంకె దిద్దేసి ఊరుకోవద్దు, పాత బిల్లులు తీసి కారణం పట్టుకోవాలి.

అసలు పోటీ ఇంకోచోట ఉంది. అమ్మిన మందు బిల్లులో ఉంటుంది; ‘లేదండీ’ అని పంపేసింది ఎక్కడా ఉండదు. కౌంటర్ మీద నోటుబుక్కు పెట్టి అడిగిన మందు, మోతాదు, అడిగినవారి పేరు, తేదీ రాయించండి. వారంలో ముగ్గురు వేర్వేరు మనుషులు అడిగితే అది మీ అరలో ఉండాల్సిన సరుకే. ఒక్కరే మూడుసార్లు అడిగితే వారికి సరిపడా తెప్పించి ఇవ్వండి చాలు.

ఈ పుస్తకం లేకపోతే సరుకు లేని రోజులు తెలియక, రోజువారీ అమ్మకం సగటు కూడా తప్పుతుంది. నెలలో 120 స్ట్రిప్పులు అమ్మారు, అందులో 10 రోజులు సరుకే లేదనుకుందాం. రోజుకి 4 అనుకోకూడదు. 120ని 20తో భాగించాలి, 6 వస్తుంది. సరుకు రావడానికి 3 రోజులు, ఆలస్యానికి 2 రోజులు కలిపితే 5 రోజులు, రోజుకి 6 చొప్పున 30. స్టాకు 30కి దిగగానే ఆర్డరు పెట్టాలి. 4 చొప్పున లెక్కవేసినవారు 20 దాకా ఆగుతారు, సరుకు ఒక్కరోజు ఆలస్యమైతే అర ఖాళీ. బీపీ, షుగర్ మందులకి వచ్చినవారు అలా ఒకసారి ఎదురు షాపుకి వెళితే, నెలనెలా కొనే మిగతా మందులూ అక్కడికే పోతాయి.

ప్రశ్న: బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో ఉంది. చాలా?

జవాబు: చాలదు. దాన్ని కంప్యూటర్‌కే తగిలించి ఉంచితే వైరస్ రెండింటినీ పాడుచేస్తుంది. రోజూ కాపీ తీసి విడదీయండి, మరో కాపీ ఇంట్లో ఉంచండి. నెలకోసారి వేరే కంప్యూటర్‌లో ఎక్కించి, నిన్నటి చివరి బిల్లు తెరుచుకుంటోందో లేదో చూడండి.