బీరువా తాళం అమ్మ దగ్గరుంటే మరదలి మీద కేసెందుకమ్మా?

మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. నాన్నగారు పోయి ఎనిమిది నెలలు. తెనాలిలో ఇల్లు, ఊళ్లో ఎకరంన్నర పొలం, రెండూ ఆయన టీచర్ జీతంతో కొన్నవే. ఆఖరి మూడేళ్లు ఆయన్ని మీ ఇంట్లో పెట్టుకుని వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి తిప్పింది మీరు, అమ్మగారేమో తమ్ముడి పిల్లల్ని చూసుకుంటూ తెనాలిలోనే ఉండిపోయారు. "ఇల్లు నీకే రాశానమ్మా, కాగితం బీరువాలో ఉంది" అని ఆయన మీతో అన్నారు, తీరా చూస్తే రెక్సిన్ సంచిలో ఇంటి పన్ను రసీదులు, బాండ్లు అన్నీ వరసగా ఉన్నాయి, వీలునామా ఒక్కటే లేదు. మరదలే తీసేసింది, పోలీస్ కేసు పెట్టొచ్చా అని అడిగారు.

వద్దు. చూసినవాళ్లు లేరు, కాపీ లేదు, ఏమని పెడతారు? పైగా వీలునామా ఆయన దగ్గరే ఉండి, ఆయన పోయాక కనపడకపోతే, ఆయనే మనసు మార్చుకుని చించేసి ఉంటారని కోర్టు అనుకునే అవకాశం కూడా ఉంది. ముందు చేయాల్సింది డెత్ సర్టిఫికెట్ పట్టుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లడం. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీల వివరాలుండే సర్టిఫికెట్, తీస్తే అందులో వీలునామా కనపడదు, వాటికి వేరే పుస్తకం ఉంటుంది, అందులో వెతకమని అప్లికేషన్ పెట్టాలి. తెనాలిలోనే కాదు, ఆయన ఉద్యోగం చేసిన ఊళ్లలో కూడా. రిజిస్టర్ చేయించి ఉంటే కాపీ ఇస్తారు. చేయించకపోయినా ఇద్దరు సాక్షులు సంతకం పెట్టుంటే అది చెల్లుతుంది, కానీ అప్పుడు ఆ కాగితమో, దాని జిరాక్సో, ఆ సాక్షులో కావాలి కదా. ఏదీ లేదంటే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మ, మీరు, తమ్ముడు, చెల్లెలు, నలుగురికీ సమానం. పెళ్లిలో పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం అనే మాట అక్కడ చెల్లదు.

ఇక అసలు సంగతి. బీరువా తాళం అమ్మగారి కొంగునే ఉంటుందని మీరే రాశారు. మరి ఎనిమిది నెలల్లో ఆవిణ్ణి ఒక్కసారైనా అడిగారా? ఉత్తరంలో ఎక్కడా లేదు. మరదలి గురించి రెండు పేజీలు, అమ్మ గురించి ఒకే వాక్యం, "నాన్నకి అంత బాలేనప్పుడు కూడా కొడుకిల్లు వదిలి రాలేదు" అని. మీకు మంటంతా అక్కడుందమ్మా. కన్నతల్లి మీద కోపం పైకి అనలేక, పరాయింటి నుంచి వచ్చిన పిల్ల మీద పెడుతున్నారు, నాకది న్యాయం అనిపించట్లేదు.

అమ్మగారి వైపు నుంచి ఒక్క నిమిషం చూడండి. ఇల్లు మొత్తం మీ పేరున ఉన్న కాగితం దొరికితే ఆవిడ ఎక్కడుండాలి? కాపరం చేసిన ఇంట్లో కూతురి దయ మీద, కొడుకు అలక మీద బతకాలా? ఆ కాగితం ఆవిడే తీసి దాచారని తెలిసినా నేనైతే తప్పు పట్టను, భయపడ్డారనుకుంటా. నాన్నగారు మీ సేవకి ఇల్లు రాయడం మంచిదే, కానీ భార్యకి ఏం రాశారో మీ ఉత్తరంలో లేదు, మీరూ అడగలేదు.

"డబ్బు కోసం కాదు" అని మూడుసార్లు రాశారు. డబ్బు కోసం కూడా అయితే తప్పేముంది? మూడేళ్లు మీ చేతి డబ్బు, మీ ఆయన సెలవులు పోయాయి, అది తమ్ముడి ముందు లెక్క చెప్పి అడగండి, సిగ్గుపడాల్సిన పని లేదు.

సంవత్సరీకానికి ఇంకా నాలుగు నెలలుంది, అప్పటిదాకా ఆగకండి. ఈ ఆదివారమే తమ్ముడు, మరదలు ఇంట్లో ఉండగానే వెళ్లండి, చాటుగా వద్దు. వెళ్లగానే కాగితం మాట ఎత్తొద్దు. అమ్మ పక్కన కూర్చుని, నువ్వు నాన్న దగ్గరికి ఎందుకు రాలేదమ్మా అని అడగండి, ఏం చెప్పినా మధ్యలో అడ్డుపడకుండా వినండి. తర్వాత ఆవిడ వాటా ఆవిడ పేరు మీదే రాయిద్దామని అందరి ముందూ మీరే అనండి. పెద్దకర్మ రోజు తమ్ముడు తెచ్చిన ఆ హక్కు విడుదల కాగితం, అంటే మీ వాటా వదులుకున్నట్టు రాసిచ్చేది, ఇంకా మీ దగ్గరే ఉందన్నారు కదా, దాని మీద మాత్రం సంతకం పెట్టకండి, చెల్లెలికి కూడా ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి.