వానలేని రోజుల దగ్గర గీత ఎందుకు పడిపోతోంది?

అన్నా, ములుగు జిల్లా రోజువారీ వానలెక్క మ్యాట్‌ప్లాట్‌లిబ్‌ల (పైథాన్‌ల గ్రాఫులు గీసే లైబ్రరీ) లాగ్ అక్షం మీద, అంటే 1, 10, 100 తీరుగ పదింతలు పెరిగే స్కేలు మీద గీస్తే సున్నా రోజుల దగ్గర గీత కిందికి పడిపోతోందన్నవు. సున్నాకు లాగ్ లేదు. లైబ్రరీ దాన్ని డిఫాల్ట్‌గా 'క్లిప్' చేసి అతిచిన్న విలువగా పట్టుకుంటది, అందుకే గీత ఫ్రేమ్ దాటిపోతది. 'క్లిప్' బదులు 'మాస్క్' పెడితే, సున్నాలను వదిలేస్తది, గీత తెగుతది; వానలేని రోజు, రికార్డు లేని రోజు ఒక్కతీరుగ కనబడతయి. అన్నిటికీ 0.1 కలిపే చిట్కా మాత్రం వద్దు, చిన్న జల్లుల విలువలు మారిపోతయి.

నిలువు అక్షం స్కేలు పెట్టే సెట్_వైస్కేల్‌ల 'లాగ్' తీసి 'సిమ్‌లాగ్' రాయి, లిన్‌త్రెష్=2.5. సున్నా నుంచి 2.5 మి.మీ. దాకా మామూలు స్కేలు, ఆపైన లాగ్. వాతావరణ శాఖ వానరోజుగా లెక్కగట్టేది ఆ 2.5 నుంచే. కింది భాగం ఎక్కువ జాగా తింటే లిన్‌స్కేల్=0.5 చెయ్యి.

అక్షం మీద 10⁰, 10¹ లాంటి ఘాతాలకు బదులు మామూలు అంకెలు కావాలంటే, గుర్తులు పెట్టే సెట్_వైటిక్స్‌కు 0, 2.5, 10, 100, 650 ఇచ్చి, లేబుల్స్‌ల కూడా అవే రాయి (3.5 వెర్షన్ నుంచి ఒక్క లైన్లనే అయితది). ఈ లైను సెట్_వైస్కేల్ తర్వాతనే ఉండాలె. ముందు రాస్తే స్కేలు మారంగనే పోతది. 650 దేనికంటే, 2023 జులైల లక్ష్మీదేవిపేటల 24 గంటల్ల 649.8 మి.మీ. పడ్డది.