రాత్రి సారా తాగిన మనిషికి తెల్లారి చూపు మసకైతే

మీరు అడిగింది ఇదీ: రాత్రి ఇద్దరు ఒకేచోట సారా తాగారు, పొద్దున ఒకరికి వాంతులు, కళ్లు మసక, రెండో ఆయన మామూలుగానే ఉన్నాడు, సాయంత్రం దాకా చూడొచ్చా అని. వద్దండీ. ఇప్పుడే 108కి ఫోన్ చేసి ఇద్దరినీ పంపండి. బాగున్నాయనని కూడా.

కల్తీ సారాలో కలిసే మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ తాగిన వెంటనే మత్తు తప్ప పెద్దగా ఏమీ చూపించదు. దాన్ని కాలేయం ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. చూపునీ ప్రాణాన్నీ తీసేది ఆ ఆమ్లమే. అది పేరుకోవడానికి తరచు 12 నుంచి 24 గంటలు పడుతుంది. దాంతోపాటు మామూలు మందు కూడా తాగి ఉంటే ఇంకా ఆలస్యం, ఎందుకంటే కాలేయం ముందు ఆ మందు పని పడుతుంది. మీ రెండో ఆయన బాగుండటానికి కారణం ఇదే కావచ్చు.

కడుపునొప్పి, వాంతులు, తలనొప్పి చూసి ‘ఇంకా దిగలేదులే’ అని పడుకోబెడతారు. ప్రాణాలు పోయేది అక్కడే. ఊపిరి చూడండి. మంచం మీద ఉన్న మనిషి పరుగెత్తి వచ్చినట్టు లోతుగా, గబగబా రొప్పుతుంటే రక్తంలో ఆమ్లం పెరిగిందనుకోవాలి. కళ్లముందు మంచు కమ్మినట్టు తెల్లగా ఉందంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

క్యాజువాలిటీలో ‘మిథనాల్ అనుమానం’ అని ఆ మాటే చెప్పండి. ఎన్ని గంటలకు, ఎంత తాగారో చెప్పి, మిగిలిన సీసా గానీ ప్యాకెట్ గానీ ఇవ్వండి. ముందు ఏబీజీ, అంటే రక్తంలో ఆమ్లం ఎంతుందో చూసే పరీక్ష, తీస్తారు. పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే అంకె) 7.3 కన్నా తక్కువుంటే ఆమ్లాన్ని తగ్గించే సోడియం బైకార్బొనేట్ ఎక్కిస్తారు. విరుగుడు ఫోమెపిజోల్, మొదటి డోసు కిలోకి 15 మిల్లీగ్రాములు. అది మన దగ్గర అన్నిచోట్లా దొరకదు, అప్పుడు ఇథనాల్ (మామూలు మందులో ఉండే ఆల్కహాల్) ఇస్తారు, రక్తంలో డెసిలీటరుకు 100 నుంచి 150 మిల్లీగ్రాములు ఉండేలా. తోడుగా, ఫార్మిక్ ఆమ్లం విరగడానికి, ఫోలినిక్ యాసిడ్. చూపు తగ్గినా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా, పీహెచ్ 7.15కి దిగినా డయాలసిస్ తప్పదు. కాబట్టి డయాలసిస్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమని అంబులెన్స్‌లోనే అడగండి. డయాలసిస్ జరిగేటప్పుడు ఇథనాల్ కూడా బయటికి పోతుంది, డోసు పెంచాలి. హడావుడిలో ఇది మరిచిపోయే ప్రమాదం ఉంది.

‘మంచి విస్కీ క్వార్టర్ పోస్తే విరిగిపోతుంది’ అని ఎవరో ఒకరు అంటారు. ఆసుపత్రిలో ఇథనాల్ ఇచ్చేది నిజమే, కానీ గంటగంటకూ లెక్క చూసుకుంటూ. ఇంట్లో పోస్తే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, షుగర్ పడిపోవచ్చు, పైగా అప్పటికే పేరుకున్న ఆమ్లం అక్కడే ఉంటుంది. ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దు. విషం తాగినవాళ్లకు ఇచ్చే బొగ్గుపొడి కూడా మిథనాల్‌ను పట్టుకోదు.

2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో 60 మందికి పైగా చనిపోయింది ఈ మిథనాల్‌తోనే. అంబులెన్స్ వచ్చేలోపు ఆ సారా ఎక్కడ కొన్నారో అడిగి, అక్కడే కొన్న మిగతావాళ్ల తలుపులు కూడా కొట్టండి. పడుకున్నవాళ్లనైనా లేపండి.