పందులు ఏ వైపున్నాయి?

ప్రశ్న: పదిహేనో శతాబ్దపు రెండు అచ్చు పుస్తకాల్లో బైబిల్ కథలో పందులు మేపే ‘తప్పిపోయిన కుమారుడి’ ఉడ్‌కట్ బొమ్మ (చెక్క దిమ్మ మీద చెక్కి అద్దినది) దాదాపు ఒకేలా ఉంది. ఒకదాంట్లో పందుల తొట్టి కుడివైపు, రెండోదాంట్లో ఎడమవైపు. రెండూ ఒకే దిమ్మవా?

జవాబు: కావు. ఒకే దిమ్మను ఎన్నిసార్లు అద్దినా కుడి ఎడమ కాదు. అచ్చయిన బొమ్మను కొత్త చెక్క మీదికి ఉన్నదున్నట్టు దించి చెక్కితే, అచ్చులో అది తిరగబడుతుంది. అంటే ఒకటి నకలు. ఏదో తేల్చాలంటే మనుషుల నడుములు చూడండి. కత్తి ఒర మామూలుగా ఎడమ నడుముకు వేలాడుతుంది. అందరికీ కుడివైపు ఉంటే అనుమానించాల్సిందే.

బొమ్మ ఒకే వైపు తిరిగి ఉన్నా తొందరపడకండి. అది నకలుకు నకలూ కావచ్చు. కొలత తేడా కూడా వేరే దిమ్మ అనడానికి రుజువు కాదు. తడి కాగితం మీద అచ్చు వేసేవారు, ఆరాక అది ముడుచుకుపోతుంది. నమ్మదగ్గది దిమ్మకు తగిలిన దెబ్బ. చెక్క పగిలితే నార వెంబడి బొమ్మకు అడ్డంగా తెల్లగీత పడుతుంది. పురుగు తొలిస్తే గుండ్రటి తెల్లచుక్కలు. దెబ్బలు తక్కువున్న అచ్చే సాధారణంగా ముందుది. అయితే ఒక్క ప్రతిలోనే కనిపించే చుక్క కాగితం మీది నలుసు కావచ్చు. మరో ప్రతిలోనూ అదే చోట ఉంటేనే లెక్కలోకి తీసుకోండి.

దిమ్మను బట్టి ఊరు చెప్పడమూ కష్టమే. 1478 ప్రాంతంలో జర్మనీలోని కొలోన్‌లో అచ్చయిన బైబిల్ దిమ్మలను 1483లో అక్కడిదే మరో ఊరు న్యూరెంబర్గ్‌లో కోబెర్గర్ అనే ముద్రాపకుడు మళ్లీ వాడాడు.

ప్రశ్న: బొమ్మ పక్కనే అక్షరాలున్నాయి. అది రాగిరేకు మీద చెక్కి అచ్చువేసిన బొమ్మ కాదని ఎలా చెప్పడం?

జవాబు: ఒకే పేజీలో, ఒకే అద్దుడులో పడి ఉంటే అది చెక్క దిమ్మే. దిమ్మను సీసపు అక్షరాల ఎత్తుకు, అంటే సుమారు 24 మిల్లీమీటర్లకు, చిత్రికపట్టి వాటితోపాటే బిగించేవారు. దిమ్మ కాస్త పల్లమైతే బొమ్మ వెలవెలబోతుంది, అడుగున కాగితం ముక్కలు పెట్టి లేపాలి. ఎత్తయితే చుట్టూ ఉన్న పంక్తులు మసకబారతాయి. రాగిరేకుకు రోలరు ప్రెస్ వేరే కావాలి, కాగితంలో రేకు అంచు నొక్కు కూడా మిగులుతుంది. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1496 ప్రాంతంలో వేసిన తప్పిపోయిన కుమారుడు అలాంటి రాగిరేకు బొమ్మే, చెక్క కాదు.

ప్రశ్న: ఈ బొమ్మ విడి పేజీగా దొరికితే బైబిల్‌దే అనుకోవచ్చా?

జవాబు: వద్దు. ‘స్పెక్యులమ్ హ్యుమానే సాల్వేషనిస్’ (‘మానవ రక్షణ దర్పణం’) అనే మధ్యయుగపు క్రైస్తవ గ్రంథంలోనూ అది వస్తుంది. అక్కడ మగ్దలేనే మరియ పశ్చాత్తాపానికి జోడీగా బందీ అయిన రాజు మనష్షే, తప్పిపోయిన కుమారుడు, దావీదు ఉంటారు. పక్క బొమ్మలో సంకెళ్లు వేసుకున్న రాజు కనిపిస్తే మీ పేజీ ఎక్కడిదో దాదాపు తేలినట్టే.