ఆదివారం పొద్దున్నకి ఒక సరదా కారు

ఈసారి వచ్చిన ప్రశ్నలు చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. వారమంతా పనికి వాడే బండి కాదు, సెలవు రోజు సరదాగా తోలుకునే బండి ఏది కొనాలి, అదీ కొంప ముంచకుండా. అన్నీ గోదావరి జిల్లాల నుంచే వచ్చాయి కాబట్టి ఒకచోటే జవాబులు రాస్తున్నాం. పేర్లు వేయొద్దన్నారు, ఊళ్లు మాత్రం ఇచ్చాం.

ప్రశ్న: అన్నగారూ, నాది రొయ్యల మేత వ్యాపారం. ఇంట్లో అందరికీ సరిపోయే పెద్ద బండి ఉంది. ఆదివారం తెల్లారగట్ల నేనొక్కణ్నే, లేదంటే మా ఆవిడతో, ఒక రెండు గంటలు తిరిగి రావడానికి స్పోర్ట్స్ కారు కావాలి. 12 లక్షలు దాటకూడదు. యూట్యూబ్‌లో మాజ్డా మియాటా చూసి పిచ్చెక్కిపోయింది. అది మనకి దొరుకుతుందా? లేకపోతే దాని తర్వాత ఏది? (పాలకొల్లు)

జవాబు: దొరకదండీ. మాజ్డా మన దేశంలో కార్లు అమ్మడం లేదు. బయట నుంచి తెప్పించుకుందామంటే సుంకాలూ పన్నులూ కలిసేసరికి ధర రెట్టింపు దాటుతుంది, సెకండ్ హ్యాండ్ అయితే మూడేళ్లు దాటినదాన్ని రానివ్వరు. ఆ ఆశ వదిలేయండి. కానీ 1989 నుంచి ఆ కారంటే జనానికి అంత మోజు ఎందుకో ఒకసారి చూడండి, మీకు పనికొచ్చే సంగతి అక్కడే ఉంది. పెద్ద ఇంజినేమీ కాదు. బరువు టన్ను అటూ ఇటూ, చేత్తో వేసుకునే గేరు, కింద రోడ్డు ఎలా ఉందో చేతికి తెలిసే స్టీరింగ్. 60లో వెళ్తున్నా సంబరంగా ఉంటుంది. మనకి కావలసింది సరిగ్గా అదే, ఎందుకంటే మీ చుట్టుపక్కల అంతకంటే గట్టిగా వెళ్లే చోటే లేదు. కేంద్రం 2018లో పెట్టిన పరిమితి ప్రకారం నాలుగు వరుసల రోడ్డు మీద కారుకి 100, మామూలు రోడ్ల మీద 70. అది కాగితం మీద సంగతి. చించినాడ వంతెన దాటి దిండి, రాజోలు వైపు వెళ్లేటప్పుడు ఊరికో రెండు స్పీడ్ బ్రేకర్లు, కొబ్బరి లోడు ట్రాక్టర్లు, పాలు పోయించుకొచ్చే సైకిళ్లు, ఇవన్నీ చూసుకుంటే ఆ 70 కూడా ఎక్కువే.

అందుకే నన్నడిగితే హార్స్ పవర్ లెక్క పక్కన పెట్టి బరువు లెక్క చూడండి. 2021 నుంచి 2024 దాకా వచ్చిన స్విఫ్ట్‌లో నాలుగు సిలిండర్ల 1.2 లీటర్ల ఇంజిన్, 90 పీఎస్ (హార్స్ పవర్ లాంటి కొలతే), బరువు టన్ను లోపే. సెకండ్ హ్యాండ్‌లో మంచి మాన్యువల్ బండి మీ బడ్జెట్‌లో సగానికి అటూ ఇటూగా దొరుకుతుంది, మంచి టైర్లు వేయించినా బోలెడు మిగులుతుంది. స్విఫ్ట్ అనగానే మీ ఫ్రెండ్స్ నవ్వుతారు, ట్యాక్సీ స్టాండులో నిలబెట్టుకో అంటారు. అననివ్వండి. ఇంజిన్‌ని పూర్తిగా తిప్పి రెండో గేరు నుంచి మూడో గేరుకి మారేటప్పుడు వచ్చే సరదా అన్నది బానెట్ మీది బొమ్మను బట్టి రాదు.

లేదు, కొత్తదే కావాలి, చూడ్డానికి కూడా కాస్త దిట్టంగా ఉండాలి అంటే హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ చూడండి. 998 సీసీ టర్బో, 120 పీఎస్, 2023 నుంచి ఆరు గేర్ల మాన్యువల్ కూడా ఇస్తున్నారు. మామూలు ఐ20 కంటే సస్పెన్షన్ గట్టిగా ఉంటుంది, సైలెన్సర్ శబ్దం కూడా కంపెనీయే కాస్త పెంచి ఇచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజిన్ ఉన్న బండ్లకి జీఎస్టీ 18 శాతమే, ఆ లెక్కలోకి ఇది వస్తుంది. అంతకు మించిన పెద్ద బండ్లకి 40. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీలో 150 పీఎస్ ఇంజిన్ అద్భుతంగా ఉంటుంది, కాదనను, కానీ మీ 12 లక్షల్లో రాదు, అప్పు చేసి కొనేంత అవసరమూ మీకు లేదు.

ఇక ఫోక్స్‌వ్యాగన్ వాళ్ల పాత పోలో. 2022లో ఆపేశారు గాని ప్రేమికులు తగ్గలేదు. కొంటే 2020 తర్వాతి 1.0 టీఎస్ఐ (టర్బో పెట్రోలు) మాన్యువల్ కొనండి, 110 పీఎస్, ఆరు గేర్లు. అదే కుటుంబం ఇంజిన్ ఇప్పటికీ వర్టస్, టైగూన్‌లలో వస్తోంది కాబట్టి ఇంజిన్ సామాన్ల కోసం దేశమంతా తిరగక్కర్లేదు. 2013లో మొదలైన 1.2 జీటీ టీఎస్ఐలో ఉండేది ఏడు గేర్ల డ్రై క్లచ్ ఆటోమేటిక్. తోలితే కమ్మగా ఉంటుంది, పాడైతే మాత్రం బిల్లు చూసి నోట మాట రాదు. ఫియట్ వాళ్ల 145 హార్స్ పవర్ అబార్త్ పుంటో అనే ముచ్చటైన బండి కూడా ఒకటి అమ్మకానికి కనిపిస్తుంటుంది. ఫియట్ ఇక్కడ కార్లు అమ్మడం మానేసి ఏళ్లయింది. పాలకొల్లులో కూర్చుని దాని సామాన్ల కోసం కోయంబత్తూరుకి, పుణెకి ఫోన్లు చేసుకునే ఓపిక ఉంటే కొనుక్కోండి, నేను ఆపను.

టెస్ట్ డ్రైవ్‌కి వెళ్తే షోరూమ్ వాళ్లు చూపించే హైవే ముక్క మీద తిప్పి ఇచ్చేయకండి. మీ ఊరి స్పీడ్ బ్రేకర్ దాకా తీసుకురండి. వెనక ఇద్దరిని కూర్చోబెట్టి దాన్ని దాటించండి. కింద గీసుకున్న చప్పుడు వచ్చిందా, ఆ కారు మీది కాదు.

మరో రెండు మాటలు. కాలువ గట్టు రోడ్డు వీడియోల్లో బాగుంటుంది, పక్కన రెయిలింగ్ ఉండదు, ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తే దిగడానికి మార్జిన్ కూడా ఉండదు. అక్కడ సరదాలొద్దు. కోతల సీజన్లో అయితే సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, బరకం ఎగిరిపోకుండా చుట్టూ రాళ్లు పెడతారు. మంచు పట్టిన పొద్దున ఆ రాళ్లు పది గజాల దూరంలోకి వస్తే గాని కనపడవు, చెదిరిన గింజల మీద బ్రేకు వేస్తే బండి ఆగదు, జారుతుంది. మలుపుల సరదా నిజంగా కావాలంటే నెలకోసారి రాజమండ్రి మీదుగా మారేడుమిల్లి ఘాట్‌కి వెళ్లిరండి, లారీలు పెరగకముందే పైకి చేరేలా చీకటితో బయల్దేరండి. రెండోది ఎలుకలు. వారంలో ఆరు రోజులు షెడ్డులో కదలకుండా ఉన్న బండి, అందులోనూ పక్క గదిలో మేత బస్తాలు! వైర్లు కొరికేస్తాయి. మేతకీ బండికీ దూరం పెట్టండి, మధ్యలో ఒక రోజు పది నిమిషాలైనా బయట తిప్పండి, బ్యాటరీకి కూడా మంచిది.

ప్రశ్న: సార్, నేను లెక్చరర్‌ని. పెళ్లికి ముందు నుంచీ టాప్ లేని కారు నడపాలని కోరిక. బెంగళూరులో 2012 మోడల్ బీఎండబ్ల్యూ జడ్4 ఒకటి 16 లక్షలకి ఇస్తామంటున్నారు. తక్కువ తిరిగింది, రంగు కూడా నాకు నచ్చింది. మావారు నా ఇష్టం అన్నారు. తీసుకోమంటారా? (కాకినాడ)

జవాబు: వద్దమ్మా. కారు మంచిదే, కాదని కాదు. కొనే 16 లక్షలు అసలు ఖర్చులో మొదటి విడత మాత్రమే. అది కర్ణాటక బండి, ముందు అక్కడి ఆర్టీవో నుంచి ఎన్వోసీ తేవాలి. ఏడాది దాటి ఇక్కడ ఉంచుకుంటే మన రాష్ట్రంలో మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ గడువు కూడా దగ్గర్లోనే ఉంది, తర్వాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించుకుని పొడిగించుకోవాలి. ఆ కారులో స్టెపినీ ఉండదు, గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు వస్తాయి. తుని దగ్గర రాత్రి పూట టైరు కోసుకుపోతే ఆ సైజు మీకు ఏ షాపులో దొరుకుతుంది? పైగా మీరుండేది సముద్రం ఒడ్డున. మడత పడే అల్యూమినియం టాపుకి బోలెడన్ని మోటార్లు, పైపులు, కనెక్టర్లు, ఉప్పు గాలికి మొదట మొండికేసేవి అవే.

ఇంకోటి చెప్తాను, కోపం తెచ్చుకోకండి. కాకినాడలో టాపు తీసి తిరగగలిగేది ఎన్నాళ్లు? నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, అదీ పొద్దున పూట. ఏప్రిల్లో తొమ్మిది గంటలకే స్టీరింగ్ ముట్టుకోలేం. మీ కోరికకి దగ్గరగా రావాలంటే టాపు తెరుచుకునే పాత మినీ కూపర్ కూడా చెప్పను, సర్వీసు సంగతి అక్కడా అంతే. సాఫ్ట్ టాప్ థార్ మంచిది దొరికితే చూడండి, స్పోర్ట్స్ కారు కాదు గాని టాపు తీసి ఉప్పాడ రోడ్డు మీద వెళ్తే మీరనుకున్న గాలి అదే. అన్నీ విన్నాక కూడా జడ్4 కావాలనే ఉంటే, కొన్న రోజే రిపేర్లకని ఇంకో నాలుగు లక్షలు విడిగా బ్యాంకులో వేసి ఉంచండి.

ప్రశ్న: విజయవాడ బ్రోకర్ దగ్గర 2019 బాలెనో ఆర్ఎస్ ఉంది. మార్కెట్ రేటు కంటే బాగా తక్కువ చెప్తున్నాడు, పాలిష్ పెట్టి అద్దంలా ఉంది. వరదలో మునిగిందేమో అని మా బావ టెన్షన్ పెడుతున్నాడు. ఎలా కనిపెట్టాలి? (ఏలూరు)

జవాబు: మీ బావ సరైన చోటే పట్టుకున్నాడు. 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో కార్లు ఎలా మునిగాయో అందరం చూశాం. మునిగిన బండిని ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ కింద రాసేశాక, అది వేలంలో ఎవరి చేతికో వెళ్లి, కడిగి, ఆరబెట్టి, సీట్లు మార్చి మళ్లీ రోడ్డెక్కుతుంది. పాలిష్ బయటికే. మీరు లోపలికి వెళ్లండి.

డ్రైవర్ సీటు బెల్టుని చివరిదాకా లాగండి, పూర్తిగా, ఇంక రాదు అన్నంత వరకు. బెల్టు చివరి మూరలో ఎర్ర మట్టి గీత గాని, తేమ మరక గాని కనిపిస్తే ఇంక వెతకక్కర్లేదు, లేచి వచ్చేయండి. కడిగేవాళ్లు అన్నీ కడుగుతారు గాని లోపల చుట్టుకుని ఉన్న బెల్టు చాలాసార్లు మర్చిపోతారు. తర్వాత సీటు ముందుకి జరిపి కింద పట్టాలు చూడండి, తుప్పు పట్టిన స్క్రూలు ఉన్నాయా అని. కాళ్ల దగ్గర కార్పెట్ లేపి వాసన చూడండి, ఏసీ వేసిన మొదటి నిమిషంలో ముక్కు దగ్గర పెట్టి చూడండి, బురద వాసనకి సెంటు కొట్టినా దాగదు. డిక్కీలో స్టెపినీ తీసి దాని గుంతలోకి టార్చి వేయండి. హెడ్‌లైట్ అద్దం లోపల ఆవిరి మరకలు ఉన్నాయా? ఒక వైపు కొత్తది, ఒక వైపు పాతది ఉంటే ఎందుకో అడగండి.

ఇవన్నీ బాగుంటే కంపెనీ సర్వీసు సెంటర్లో నంబరు చెప్పి సర్వీసు చరిత్ర తీయించండి, ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఏమైనా ఉందేమో పాలసీ కాపీలో నో క్లెయిమ్ బోనస్ చూస్తే అర్థమవుతుంది. బండి నిజంగా శుభ్రంగా తేలితే మాత్రం వదలకండి. 1.0 బూస్టర్‌జెట్ టర్బో, 102 పీఎస్, నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు, అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోకపోయినా తోలేవాళ్లకి నచ్చే కారు అది. ఇన్సూరెన్స్ చేయించేటప్పుడు ఇంజిన్ ప్రొటెక్షన్ అని ఒక యాడ్ ఆన్ ఉంటుంది, అది తప్పకుండా తీసుకోండి. మామూలు పాలసీలో నీళ్లు ఇంజిన్‌లోకి లాగి చెడితే డబ్బు రావడం కష్టం. వరద నీళ్లలో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్ట్ చేయడానికి ఒక్కసారి కూడా సెల్ఫ్ కొట్టకండి.

ప్రశ్న: ఐ20 ఎన్ లైన్ యానాంలో రిజిస్ట్రేషన్ చేయిస్తే ట్యాక్స్ బాగా మిగులుతుందని ఒకాయన అన్నారు. చేయించొచ్చా? (అమలాపురం)

జవాబు: మీకు యానాంలో నిజంగా ఇల్లో వ్యాపారమో ఉంటే చేయించుకోండి, పీవై04 నంబరు వస్తుంది. వేరేవాళ్ల కరెంటు బిల్లు పెట్టి చేయిస్తే అది మోసం, బండి ఏడాది దాటి అమలాపురంలో తిరుగుతోందని తేలితే ఇక్కడి లైఫ్ ట్యాక్స్, దాని మీద జరిమానా రెండూ కట్టాలి. అమ్మేటప్పుడు ఆ తలనొప్పి వేరే. ఆదివారం పూట ఎదుర్లంక వంతెన దాటి వెళ్లి తక్కువ ధరకి పెట్రోలు పోయించుకుని రండి, దాన్ని ఎవరూ తప్పు పట్టరు.

ప్రశ్న: నా పోలోకి సౌండ్ సైలెన్సర్ వేయించి, రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ మార్చడం) చేయిస్తే పవర్ ఎంత పెరుగుతుంది? 60 వేలు అవుతుందన్నారు. (భీమవరం)

జవాబు: టర్బో ఇంజిన్‌కి రీమ్యాప్‌తో పవర్ పెరుగుతుంది, అబద్ధం కాదు. దాంతోపాటు క్లచ్ అరుగుదల, గేర్‌బాక్స్ మీద భారం పెరుగుతాయి, వారంటీ మిగిలి ఉంటే పోతుంది, ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లకి క్లెయిమ్ ఎగ్గొట్టడానికి ఒక కారణం దొరుకుతుంది. సైలెన్సర్ అయితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వస్తుంది, కంపెనీ ఇచ్చినదాన్ని మార్చకూడదు, పోలీసులు ఆపితే జరిమానా. ఆ 60 వేలలో మంచి టైర్లు నాలుగు, కొత్త బ్రేకు ప్యాడ్లు, పాత షాకబ్జార్బర్ల బదులు కొత్తవి వేయించండి, వీల్ అలైన్‌మెంట్ కూడా చేయించండి. ఇంకా మిగిలితే రాజమండ్రి వెళ్లి రావడానికి పెట్రోలు.