నిర్వచనాల దగ్గరే మొదలుపెట్టు

తిరుపతి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

అంతరించిపోతున్న జీవజాతుల విదేశీ వ్యాపారంపై ఒక చిన్న దేశానికి చట్టం ముసాయిదా రాసే బృందంలో నిన్ను తీసుకున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషం. ఎర్రచందనం కేసులు వాదించినవాణ్ని కాబట్టి, నువ్వు అడగకపోయినా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అంతరించే ప్రమాదమున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందంలో చేరినంత మాత్రాన ఏ రేవులోనూ ఒక్క దుంగ ఆగదు. అనుమతులిచ్చే అధికార సంస్థను, శాస్త్రీయ సలహా ఇచ్చే సంస్థను నియమించాలి, ఒప్పందానికి విరుద్ధమైన వ్యాపారాన్ని నిషేధించాలి, శిక్ష వేయాలి, సరుకు జప్తు చేయాలి. ఈ నాలుగూ దేశీయ చట్టంలో ఉండి తీరాలి. మనం 1976లోనే చేరాం. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో దీనికి ప్రత్యేక అధ్యాయం మాత్రం 2022 సవరణతో గానీ రాలేదు. అంతవరకు కస్టమ్స్, విదేశీ వాణిజ్య చట్టాలతోనే నెట్టుకొచ్చాం. విదేశీ కొండచిలువ ఒకటి రేవు దాటి ఎవరింట్లోనో చేరిపోతే, అది మన షెడ్యూళ్లలో లేని జాతి కనుక వన్యప్రాణి చట్టం దాని జోలికి వెళ్లలేకపోయేది. అందుకే నీ ముసాయిదా దిగుమతి దగ్గరే ఆగకూడదు. దగ్గర ఉంచుకోవడం, అమ్మడం, పిల్లలు పుట్టించడం కూడా అందులోకి రావాలి.

అన్నిటికంటే ఎక్కువ సమయం నిర్వచనాలకు పెట్టు. ఎర్రచందనం 1995 నుంచి సైటిస్ రెండో అనుబంధంలో, అంటే అనుమతి ఉంటేనే విదేశీ వ్యాపారం చేయగలిగే జాతుల పట్టికలో ఉంది. దుంగలు, పేళ్లు, పొడి, సారం దాని కిందికి వస్తాయి. చెక్కడం పూర్తయిన బొమ్మ రాదు. అది న్యాయమే; కొలువులో పెట్టే ఎర్రచందనపు మరపాచి బొమ్మల మీద బతికేవాళ్లున్నారు. కానీ ఒకడు దుంగకు ఉలితో నాలుగు గాట్లు పెట్టి 'ఇది శిల్పం' అంటే? మళ్లీ కోసి వాడుకోవడానికి వీలున్న ముక్క తయారైన వస్తువు కాదని నీ చట్టంలోనే ఉండాలి. ఎర్రచందనం నీళ్లలో మునుగుతుంది, చివర చెక్కితే ముదురు ఎరుపు బయటపడుతుంది. చెక్‌పోస్టు సిబ్బందికి ఆ గుర్తులు చాలు, కోర్టుకు చాలవు. జాతిని ఎవరు ధ్రువీకరించాలి, ఎన్ని రోజుల్లో నివేదిక ఇవ్వాలి అన్నది కూడా రాయి. ఆ ఒక్క కాగితం రాకే నిందితులు బయటికి నడిచిపోతారు.

జాతుల పట్టికను చట్టం నడిబొడ్డున పెట్టవద్దు. షెడ్యూలులో పెట్టి, నోటిఫికేషన్‌తో మార్చుకునే వీలు కల్పించు. సభ్యదేశాల సమావేశం మార్పులు చేస్తే అవి 90 రోజుల్లో అమల్లోకి వస్తాయి. పార్లమెంటు అంత త్వరగా కదలదు. మన నక్షత్ర తాబేలు 2019లో అలాగే అన్నిటికంటే కఠినమైన మొదటి అనుబంధంలోకి మారింది.

తాబేళ్లంటే గుర్తొచ్చింది. కాళ్లు కదలకుండా టేపు చుట్టి, సాక్సుల్లో కుక్కి సూట్‌కేసులో పెడతారు వాటిని. పట్టుకున్న రాత్రి వాటికి నీళ్లు ఎవరు పట్టాలి? ఖర్చు ఎవరిది? ఎక్కడికి తిరిగి పంపాలి? జప్తు సెక్షన్‌లో ఇవి లేకపోతే చట్టం గెలిచినా ప్రాణాలు దక్కవు. దీని దగ్గర నువ్వు గట్టిగా పట్టుబట్టాలి.

ఇంకొకటి. అనుమతి ఇచ్చే కుర్చీ, ఆ జాతికి హాని లేదని తేల్చే కుర్చీ ఒకే మనిషికి ఇవ్వనివ్వవద్దు.

వీలైతే ముందు నిర్వచనాల సెక్షన్ ఒక్కటే పంపు, చదివి పెడతాను.

మామయ్య